మా జేబులో చాకు

మా బీరువా పై అరలో ఒక పాత బిస్కెట్ల డబ్బా ఉంది. ఎప్పుడో ఈద్‌కి ఎవరో ఇచ్చిన రేకు డబ్బా. మూత మీది గులాబీ పూలు సగం చెరిగిపోయాయి. అందులో 41 చాకులున్నాయి. అన్నీ మడిచే చాకులే. అన్నీ జేబులో పట్టేవే. ఖరీదైంది ఒక్కటీ లేదు. 15 రూపాయలు పెట్టి ఉర్సులో కొన్నవున్నాయి, 40 రూపాయలకు జుమ్మెరాత్ బజార్లో బేరమాడి తెచ్చినవున్నాయి, ఎవరో అభిమానంగా ఇచ్చినవున్నాయి.

మేం చాకులు పోగుచేస్తాం. ఈ ఒక్క వాక్యం రాయడానికి మాకు ఇరవై ఏళ్లు పట్టింది.

తపాలా బిళ్లలు పోగుచేసేవాళ్లున్నారు. పాత నాణేలు, అగ్గిపెట్టెలు, సినిమా పాటల పుస్తకాలు పోగుచేసేవాళ్లున్నారు. వాళ్లు ఆ మాట చెబితే ఎదుటివాళ్లు 'అట్లనా, ఓసారి చూపించండి' అంటారు. మేం చాకులని చెబితే ముందు మా ముఖం చూస్తారు. తర్వాత మా పేరు గుర్తు చేసుకుంటారు. ఆ తర్వాత నవ్వి 'చూపించండి' అంటారు. ఆ చూపుకీ ఆ నవ్వుకీ నడుమ ఒక్క క్షణం మౌనం ఉంటుంది. ఈ వ్యాసం ఆ క్షణం గురించే.

ఇంకో మాట కూడా ముందే చెప్పాలి. రాస్తున్నది ఒక్కరమే అయినా 'మేం' అంటున్నాం. మా ఇంట్లో ఉర్దూ. అబ్బా తన ఒక్కడి గురించి చెప్పేటప్పుడు కూడా 'హమ్' అనేవారు. మేం అదే అలవాటును తెలుగు బడికి పట్టుకెళ్తే పంతులుగారు నవ్వారు. 'నేను అనరా, నువ్వేమన్నా నవాబువా?' అన్నారు. సరేనని మార్చుకున్నాం. పెద్దయ్యాక లోకమే మాకు మళ్లీ 'మేం' నేర్పింది. ఏ ఊళ్లోనో ఎవడో ఒకడు కత్తి తీస్తే ఇక్కడ మా గల్లీ అంతా సంజాయిషీ చెప్పాల్సి వచ్చింది. ఒకడి జేబులో చాకు మా అందరి జేబుల్లో చాకైంది. అందుకని అబ్బా మాటకే తిరిగొచ్చాం.

ముందు సంతోషం సంగతి చెప్తాం. అది చెప్పకుండా దుఃఖం ఒక్కటే చెబితే ఈ డబ్బాకి అన్యాయం చేసినట్టవుతుంది.

ఉర్సు చాకు చాలా సాదా వస్తువు. కట్టె పిడి, రెండు మేకులు, మూడంగుళాల ఇనుప రేకు. గోటితో లాగడానికి రేకు మీద ఒక చిన్న గాడి. స్ప్రింగు లేదు, బొత్తాం లేదు. పచ్చి మామిడికాయ కోస్తే పులుపుకి రేకు నల్లబడుతుంది. స్టీలు చాకుకి ఆ గుణం లేదు. తుప్పు పట్టే చాకుకే కోసిన కాయ గుర్తుంటుంది. ఎండాకాలం సెలవుల్లో మా నానీ ఇంటికాడ ఆ నల్ల చాకుతోనే జామకాయ నాలుగు ముక్కలు చేసి, ఉప్పూ కారం అద్ది, మా నలుగురికీ పంచేది. పతంగి దారం తెంచినా, పెన్సిలు చెక్కినా, చెరకు గడ మీది చెక్కు తీసినా అదే.

నుమాయిష్‌లో కొన్న ఇత్తడి చాకు చేప ఆకారంలో ఉంటుంది. 1938లో మొదలైన ఆ నుమాయిష్‌కి మేం ప్రతి జనవరిలో వెళ్తాం. మా బేగం గాజుల దుకాణం ముందు నిలబడితే మేం తాళం చెవుల గొలుసులమ్మే దుకాణం ముందు నిలబడతాం. అక్కడే ఒక మూల ఇలాంటివి దొరుకుతాయి.

ఫ్రాన్స్ వెళ్లొచ్చిన ఒక మిత్రుడు ఒపినెల్ చాకు తెచ్చిచ్చాడు. సవోయా కొండల్లో జోసెఫ్ ఒపినెల్ అనే పనివాడు 1890లో రైతుల కోసం చేసిన చాకు అది. బీచ్ కట్టె పిడి, మెడ దగ్గర తిప్పే ఒక ఉంగరం. 1897 నాటికి చిన్నదాని నుంచి పెద్దదాని దాకా 1 నుంచి 12 అంకెలు వేశారు. మా దగ్గరున్నది 8వ నంబరు, రేకు ఎనిమిదిన్నర సెంటీమీటర్లు. అక్కడ తాతలు రొట్టె, జున్ను కోసుకోవడానికి దాన్ని జేబులో వేసుకుని తిరుగుతారట. ఎవరూ ఏమీ అనరట. మా మిత్రుడు ఆ మాట చెప్పినప్పుడు మాకు చాకు కంటే ఆ 'ఎవరూ ఏమీ అనరు' అన్నదే ఎక్కువ నచ్చింది.

ఇంకోటి జపాన్‌ది. పేరు హిగొనొకామి. మడిచిన ఇత్తడి రేకే దాని పిడి. ఒకప్పుడు అక్కడి బడి పిల్లల జేబుల్లో పెన్సిలు చెక్కుకోవడానికి ఇది ఉండేది. 1960 అక్టోబర్‌లో టోక్యోలో అసానుమా అనే సోషలిస్టు నాయకుణ్ణి సభా వేదిక మీదే ఒక 17 ఏళ్ల కుర్రాడు పొడిచి చంపాడు. వాడు పొడిచింది పొట్టి ఖడ్గంతో. కానీ ఆ తర్వాత పిల్లల చేతికి పదునైన వస్తువు ఇవ్వొద్దని దేశమంతా ఉద్యమం లేచింది. పెన్సిలు చాకు బడి సంచీల్లోంచి మాయమైంది. ఆ కథ చదివినప్పుడు మాకు నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు. అయితే ఒక తేడా కనబడింది. అక్కడ అనుమానం చాకు మీద పడింది, కాబట్టి అందరి పిల్లల చాకులూ పోయాయి. ఇక్కడ అనుమానం చాకును పట్టుకున్న చేతి మీద పడుతుంది.

ఆదివారం పొద్దున డబ్బా దించి కింద పాత వార్తాపత్రిక పరుస్తాం. ఒక్కో చాకూ తెరిచి, కీలు దగ్గర ఒక చుక్క నూనె వేసి, గుడ్డతో తుడుస్తాం. మొండిదైతే రాయి మీద నీళ్లు చల్లి సాన పడతాం. అంతే మా ఆనందం. ఎవరికీ చెడు చేయని, ఎవరికీ పెద్దగా పనికిరాని, చవకైన ఆనందం. ఇలాంటి పనికిరాని ఆనందం కూడా మనిషి హక్కేనని మా నమ్మకం.

ఈ డబ్బాలో మొదట చేరింది అబ్బా చాకు. దాని పేరు కలంతరాష్. తరాష్ అంటే చెక్కేది. కలాన్ని చెక్కేది కలంతరాష్.

అబ్బా కాతిబ్. హైదరాబాద్‌లో ఒక ఉర్దూ పత్రికలో వార్తలను చేత్తో రాసేవారు. తెలుగు పాఠకులకు ఇది వింతగా ఉండొచ్చు. తెలుగుకి సీసపు అక్షరాలు ఎప్పుడో వచ్చాయి. ఉర్దూ రాసే నస్తాలీఖ్ లిపి పై నుంచి కిందికి వాలుతూ, ఒక అక్షరం ఇంకో అక్షరం భుజం మీద చెయ్యేసుకుని నడుస్తుంది. దాన్ని అచ్చుపెట్టెల్లో ఇమడ్చడం కుదరలేదు. అందుకే ప్రధానమంత్రి ప్రసంగమైనా, చనిపోయినవాళ్ల కబురైనా, బియ్యం ధరలైనా ముందు కాతిబ్ చేతి కిందికి రావాల్సిందే. చిన్న అక్షరాలకు ఇనుప పాళీ వాడేవారు. పెద్ద శీర్షికలకు మాత్రం రెల్లు కలం. ఆ కలాన్ని ఎవరిది వాళ్లే చెక్కుకోవాలి.

అబ్బా కలం చెక్కడం మేం పక్కన కూర్చుని చూసేవాళ్లం. ముందు రెల్లు కొస ఏటవాలుగా చెక్కేవారు. రెండు పక్కలా సన్నం చేసేవారు. సియాహీ దిగడానికి మధ్యలో ఒక చీలిక. చివరికి కలాన్ని ఒక ఎముక పలక మీద ఆనించి, చాకును అడ్డంగా పెట్టి ఒక్క నొక్కు. టక్‌మని చప్పుడయ్యేది. దాన్ని 'ఖత్' అంటారు. ఖత్ ఎంత వాలుగా పడిందన్న దాన్ని బట్టి అక్షరం ఎక్కడ లావవ్వాలి, ఎక్కడ వెంట్రుకంత సన్నమవ్వాలి అన్నది ఉంటుంది. 'ఖత్ సరిగ్గా పడితే సగం అక్షరం రాసినట్టే' అనేవారు అబ్బా.

ఖురాన్‌లో 68వ సూరా పేరు అల్ ఖలమ్. కలం అని. ఆ కలానికి నోరు తెరిచింది చాకే. ఇది మా ఒక్కరి సంగతీ కాదు. ఇంగ్లిషువాడు తన జేబు చాకును ఇప్పటికీ పెన్‌నైఫ్ అనే అంటాడు. పక్షి ఈకను చెక్కి రాసిన రోజుల్లో పుట్టిన మాట అది.

1990 డిసెంబర్. మాకు పదేళ్లు. హైదరాబాద్‌లో కర్ఫ్యూ. ఆ రోజులు చూసినవాళ్లకు వివరించక్కర్లేదు. కత్తిపోట్లు. ఏ సందులో ఎవరు పడ్డారో తెలియదు. ఆ కత్తులు మావాళ్ల చేతుల్లోనూ ఉన్నాయి, అవతలివాళ్ల చేతుల్లోనూ ఉన్నాయి. చచ్చినవాళ్లు రెండు వైపులా ఉన్నారు. ఈ నిజాన్ని దాచి మేం ఏ వ్యాసమూ రాయం.

ఇళ్లు వెతుకుతున్నారని కబురొచ్చింది. అమ్మీ వంటింట్లోకి వెళ్లి కూరగాయల కత్తి, మాంసం కొట్టే కత్తి, బక్రీద్ ఛురీ అన్నీ పాత చీరలో మూటగట్టి వాడని బావిలో పడేసింది. ఆ తర్వాత వారం రోజులు ఉల్లిగడ్డలు చేత్తో చిదిపి కూరలో వేసింది. బక్రీద్ ఛురీ గురించి నానీ మాకు చెప్పిన కథ ఒకటే. ఇబ్రాహీం పైగంబర్ కొడుకు మెడ మీద పెట్టిన కత్తి తెగకపోవడం. కత్తి కోయనందుకు చేసుకునే పండగ అది. ఆ కత్తి బావిలోకి పోయింది.

కలంతరాష్‌ను మాత్రం అబ్బా ఇవ్వలేదు. 'ఇది కత్తి కాదు, నా చెయ్యి' అన్నారు.

పోలీసులు వచ్చారు. పెట్టె తెరిచారు. సియాహీ బుడ్డి, కలాలు, ఎముక పలక, వాటి పక్కన చాకు. 'ఇదేంది?' అన్నాడొకాయన. అబ్బాకి తెలుగు అంతంతమాత్రం. ఉర్దూలో ఏదో చెప్పబోయారు, గొంతు పెగల్లేదు. తెలుగు మీడియం చదువుతున్నది ఇంట్లో మేమే. ముందుకొచ్చి చెప్పాం: 'కలం చెక్కే చాకు సార్.'

మేం చేసిన మొదటి అనువాదం అదే. తర్వాత పాతికేళ్లు ఉర్దూ నుంచి తెలుగుకీ తెలుగు నుంచి ఉర్దూకీ వేల వార్తలు మార్చాం. అంత బరువైన మాట మళ్లీ మా చేతికి రాలేదు.

'కలానికి చాకెందుకురా?' అన్నాడాయన. అబ్బాకి ఆ ప్రశ్న అర్థమైంది. కూర్చుని, ఒక రెల్లు తీసి, చేతులు వణుకుతుండగానే చెక్కి, ఖత్ వేసి, సియాహీలో ముంచి, ఆయన చొక్కా మీది పేరు మమ్మల్ని చదవమని అడిగి ఉర్దూలో రాసిచ్చారు. ఆయన ఆ కాగితం అటూ ఇటూ తిప్పి చూసి మడిచి జేబులో పెట్టుకున్నాడు. చాకును పెట్టెలోనే వదిలేశాడు. అబ్బాను మాత్రం తీసుకెళ్లారు.

మర్నాడు సాయంత్రం వదిలారు. ఆ రాత్రి ఏం జరిగిందో అబ్బా ఎవరికీ చెప్పలేదు. అమ్మీ అడగలేదు. కానీ ఆ తర్వాత ఆయన కలంతరాష్‌ను జేబులో వేసుకుని బయటికి నడవడం మేం చూడలేదు.

కొన్నేళ్లకి చాకు అవసరమే తీరిపోయింది. లాహోర్‌లో జంగ్ పత్రిక 1981లోనే నస్తాలీఖ్‌ను కంప్యూటర్ మీదికి తెచ్చింది. మన దేశంలో 1994లో ఇన్‌పేజ్ వచ్చింది. ఒక్కో ఉర్దూ పత్రికా కాతిబ్‌లను ఇంటికి పంపింది. అబ్బా ఛత్తా బజార్లో పెళ్లి కార్డులు రాసుకుంటూ గడిపి 2003లో పోయారు. ఇంటి సామాన్లు పంచుకునేటప్పుడు మేం అడిగింది ఆ చాకు ఒక్కటే. దానికి తోడుగా ఉర్సు చాకు వచ్చింది. దాని పక్కన ఇంకోటి. ఎవరన్నా ఎందుకు మొదలుపెట్టారంటే సరదాకి అంటాం. నిజానికి అబ్బా జేబులోంచి బలవంతంగా బయటికొచ్చిన వస్తువుకి మేం ఒక ఇల్లు కట్టాం.

చాకును మా చేతికి అంటించిన ఘనతలో సినిమాకి పెద్ద వాటా ఉంది. గళ్ల లుంగీ, మెడలో తాయెత్తు, కళ్లకు సుర్మా, చేతిలో చాకు. మా పేరున్న పాత్ర తెర మీదికి రావాలంటే చాలాకాలం ఇదే వేషం. హిందీ సినిమా రాంపూరీ చాకుని ఇంటింటి మాట చేసింది. 1965లో వచ్చిన 'వక్త్'లో రాజ్‌కుమార్ చాకు మీద చెప్పిన డైలాగుకి జనం ఇప్పటికీ చప్పట్లు కొడతారు. బొత్తాం నొక్కితే రేకు టక్కున లేచే ఆ చాకుని చేసేవాళ్లు ఉత్తరప్రదేశ్‌లోని రాంపూర్ పనివాళ్లు. పొడవాటి రేకుల మీద 1990ల్లో నిషేధం వచ్చాక ఆ పని చాలావరకు పడిపోయింది. 2023లో అదే ఊళ్లో ఒక కూడలిలో సుమారు 20 అడుగుల చాకు బొమ్మ నిలబెట్టారు.

అదే రాంపూర్‌లో రజా లైబ్రరీ ఉంది. 1774లో నవాబ్ ఫైజుల్లా ఖాన్ పోగుచేసిన గ్రంథాలతో మొదలైన లైబ్రరీ. అరబ్బీ, ఫార్సీ, సంస్కృతం, ఉర్దూ చేతిరాత ప్రతులు వేలున్నాయి. గొప్ప గొప్ప కాతిబ్‌ల చేతిరాత ఉంది. ఆ రాతల వెనుక ఎన్ని కలంతరాష్‌లు అరిగిపోయాయో! దేశానికి ఆ ఊరంటే చాకు గుర్తొస్తుంది. ఆ చాకు చెక్కిన కలం గుర్తుకు రాదు.

మన దగ్గరి సంగతే చూడండి. నిజామాబాద్ జిల్లాలో కోనసముద్రం అనే ఊరుంది. అక్కడి కమ్మర్లు మట్టి మూసల్లో ఇనుము కరిగించి చేసిన ఉక్కు కోసం పర్షియా వ్యాపారులు వచ్చేవాళ్లు. 1820ల్లో వాయిసీ అనే ఇంగ్లిషు భూగర్భ శాస్త్రజ్ఞుడు ఆ కొలుములు చూసి రాసిన వివరం 1832లో అచ్చయింది. ఇస్ఫహాన్ నుంచి వచ్చిన ఒక వర్తకుడు కొలిమి దగ్గర కూర్చుని ఉక్కు తూచి కొనుక్కోవడం అందులో ఉంది. యూరప్‌వాళ్లు ఈ ఉక్కును 'వూట్జ్' అన్నారు. ఆ మాట మన 'ఉక్కు' నుంచే వచ్చిందని పండితులంటారు. డమాస్కస్ కత్తి అని ప్రపంచం మెచ్చుకున్న దానికి ముడిసరుకు తెలుగు కమ్మరిదీ దక్షిణాది కమ్మరిదీ. తెలుగు కొలిమికీ ముస్లిం వర్తకుడికీ మధ్య ఒకప్పుడు నడిచింది బేరం. ఇనుము నాణ్యం గురించి మాటలు నడిచాయి. మా నానీ ఊరు ఆ జిల్లాలోదే. ఆ ఊరి కమ్మరి చేసిచ్చిన ఒక చిన్న చాకు మా డబ్బాలో ఉంది. ఆయన నానీని 'అక్కా' అని పిలిచేవాడు. డబ్బులు తీసుకోలేదు, ఒక పూట బగారన్నం తిని వెళ్లాడు.

బి.ఏ. అయ్యాక మేం పత్రికలో చేరాం. డెస్కు మీద మాకిచ్చే పనుల్లో పోలీసు ప్రకటనలు వార్తలుగా మార్చడం ఒకటి. అక్కడ 'మారణాయుధాలు' అనే మాట తగిలింది. ఫలానా ఇంట్లో మారణాయుధాలు స్వాధీనం. ఫొటోలో బల్ల మీద పరిచినవి చూస్తే రెండు కూరగాయల కత్తులు, ఒక మాంసం కత్తి, ఒక ఇనుప రాడ్డు. ఆ మాటను మేం కూడా మార్చకుండా వేసేవాళ్లం. రాత్రి ఇంటికొచ్చి డబ్బా తెరిచేవాళ్లం. ఆ బల్ల మీద వీటిని పరిస్తే ఎట్లా ఉంటుందో ఊహించుకునేవాళ్లం.

1959 నాటి ఆయుధాల చట్టం కింది నిబంధనల ప్రకారం రేకు 9 అంగుళాల కంటే పొడవో, 2 అంగుళాల కంటే వెడల్పో ఉన్న కత్తుల సంగతి వేరు. ఇంటి పనికీ వ్యవసాయానికీ వాడేవాటికి అందులోనూ మినహాయింపు ఉంది. మా డబ్బాలో అన్నిటికంటే పొడవైన రేకు నాలుగంగుళాలు. స్కేలు పెట్టి కొలిచాం. తపాలా బిళ్లలు పోగుచేసేవాడు ఎప్పుడన్నా చట్టం పుస్తకం తెరిచి, స్కేలు పెట్టి తన బిళ్లలు కొలుచుకున్నాడా?

2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలింది. నమాజుకి వెళ్లినవాళ్లు చచ్చిపోయారు. తర్వాత పోలీసులు పట్టుకెళ్లింది కూడా మా కుర్రాళ్లనే. వాళ్లలో చాలామంది తర్వాత నిర్దోషులుగా బయటికొచ్చారు. కానీ ఆ వారం అది ఎవరికి తెలుసు? మా గల్లీలో ఒక పిల్లాణ్ణి తీసుకెళ్లిన రాత్రి అమ్మీ బీరువా వైపు చూసింది. 'ఆ డబ్బా ఇంట్లో వద్దు బేటా' అంది. 17 ఏళ్ల కిందటి బావి మా ఇద్దరి కళ్ల ముందూ కదిలింది. ఈసారి బావి లేదు. దాని మీద అపార్ట్‌మెంటు లేచింది.

మా డెస్కులో పనిచేసే ఒక మిత్రుడున్నాడు. బ్రాహ్మణ కుటుంబం. ఊరికి అటు కొసన ఇల్లు. సంగతి చెబితే మారు మాట్లాడకుండా డబ్బాను స్కూటర్ డిక్కీలో పెట్టుకెళ్లాడు. ఏడేళ్లు ఉంచుకున్నాడు. 2014లో ఇల్లు మారుతూ తిరిగి తెచ్చిచ్చాడు. మూత తీస్తే అన్నీ తుప్పు. అబ్బా కలంతరాష్ సగం తెరుచుకుని బిగుసుకుపోయింది. కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. తర్వాత ఆయనే చెప్పాడు:

'నిజం చెప్తున్నా భాయ్. ఒక్కసారి కూడా మూత తియ్యలేదు. అటక మీద పెట్టి, మా ఆవిడకి కూడా చెప్పలేదు. ఎవరన్నా వచ్చి ఇవెవరివని అడిగితే నావే అందామనుకున్నా. నా పేరు చూసి వదిలేస్తారు కదా. మళ్లీ భయం. గట్టిగా అడిగితే నీ పేరు నా నోట్లోంచి వస్తుందేమో అని.'

మాకు కోపం రాలేదు. భయం మాది అనుకున్నాం. దాన్ని డబ్బాలో పెట్టి ఒక మంచి మనిషి ఇంటికి పంపామని ఆ రోజు తెలిసింది. ఇద్దరం కింద కూర్చుని కిరోసిన్, గరుకు కాగితం పెట్టుకుని సాయంత్రం దాకా తుప్పు వదిలించాం. కొన్ని మళ్లీ తెరుచుకున్నాయి. కలంతరాష్ రేకు మీద చెక్కు చెక్కుగా గుంటలు మిగిలాయి. అట్లాగే ఉంచాం.

ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. ఒకసారి నిజామాబాద్ వెళ్తున్నాం. రైల్లో ఎదురుగా నుదుట పెద్ద బొట్టు పెట్టుకున్న మనిషి. చొక్కా జేబులోంచి ఒక మడిచే చాకు తీశాడు. మా వీపు వెనక్కి, సీటుకి ఆనుకుపోయింది. చెయ్యి సంచీ మీదికి పోయింది. ఆయన సంచీలోంచి ఒక యాపిల్ తీసి, చెక్కు వలిచి, ముక్కలు కోసి, మొదటి ముక్క మాకే ఇచ్చాడు. ఆ ముక్క తింటూ సిగ్గుపడ్డాం. 41 చాకులున్న మనిషిమి, ఒక చాకుకి భయపడ్డాం. కాదు, చాకుకి కాదు, బొట్టుకి. ఎదుటివాళ్ల ముఖాల్లో మేం ఇన్నేళ్లూ లెక్కపెట్టిన ఆ క్షణం మౌనం మా లోపల కూడా ఉంది.

మొన్న మా అమ్మాయి బడిలో ఒక పని ఇచ్చారు. ఇంట్లో ఉన్న పాత వస్తువు ఒకటి తెచ్చి దాని కథ చెప్పాలి. అమ్మాయి ఎనిమిదో తరగతి. నేరుగా డబ్బా దగ్గరికే వెళ్లింది. దాదా కలం, దాదా చాకు తీసుకెళ్తానంది.

'కలం తీసుకెళ్లు బేటా. బడికి చాకు ఎవరూ తేకూడదు' అన్నాం. అది నిజమే. ఏ పిల్లయినా బడికి చాకు తీసుకెళ్లకూడదు. ఆమె ఒప్పుకుంది. కాసేపాగి అడిగింది:

'మరి కలం ఎట్లా చేస్తారని టీచర్ అడిగితే?'

'బ్లేడుతో చెక్కుతారని చెప్పు.'

'దాదా బ్లేడుతో చెక్కేవారా అబ్బా?'

'లేదు.'

'మరి?'

ఆ 'మరి'కి మా దగ్గర జవాబు లేదు. పదేళ్ల వయసులో, ఇంటి నిండా పోలీసులున్నప్పుడు, కలం చెక్కే చాకు అని సరిగ్గా అనువదించాం. నలభై దాటాక, ఎవరూ అడక్కముందే, మా ఇంట్లో, మా బిడ్డకి అదే మాటను తప్పుగా చెప్పాం. 1990లో అబ్బాను ఒక్క రాత్రి మా నుంచి తీసుకెళ్లారు. ఈ అబద్ధాన్ని మాత్రం మా చేత ఎవరూ చెప్పించలేదు.

ఆ రాత్రి కలంతరాష్ చాప మీద పెట్టి, ఒక రెల్లు తీసుకుని, అమ్మాయికి చెక్కడం చూపించాం. రేకు మీది గుంటల వల్ల కొస గరగరలాడింది. ఖత్ తనే వేసింది. టక్‌మంది. సియాహీలో ముంచి ముందు అలిఫ్ రాసింది, తర్వాత అదే కలంతో 'అ' రాసింది. రెంటికీ సరిగ్గా లావు రాలేదు. తర్వాత కార్డు ముక్క మీద చాకు బొమ్మ గీసి, కింద ఉర్దూలో ఒకసారి, తెలుగులో ఒకసారి రాసుకుంది: కలంతరాష్, కలం చెక్కే చాకు.

మర్నాడు కలమూ బొమ్మా పట్టుకుని బడికి వెళ్లింది. మేం ఆఫీసులో ఆ రోజంతా ఫోను బల్ల మీదే పెట్టుకుని కూర్చున్నాం. బడి నుంచి ఫోనేమీ రాలేదు. సాయంత్రం అడిగితే, ఎవరూ ఏమీ అనలేదని చెప్పింది. ఒక పిల్ల మాత్రం ఆ చాకు నిజంగా మీ ఇంట్లో ఉందా, చూడొచ్చా అని అడిగిందట. వాళ్ల నాన్నతో కలిసి ఆదివారం వస్తానందట.

మేం డబ్బా కిందికి దించాం. ఒక్కో చాకూ తెరిచి, తుడిచి, నూనె రాసి పెట్టాం. ఆరు జామకాయలు కూడా తెచ్చాం.